రెండో గడిలో టిక్కు

మా బావంటే నాకు మొదటినుంచీ గిట్టదు. తర్వాత ఎవరూ నన్ను అనకుండా ముందే చెప్పేస్తున్నాను. అక్క మొగుడు కాబట్టి ఇంట్లో బావా అని పిలవాలి. లాండ్రీలో సూపర్‌వైజరు కాబట్టి అక్కడ సార్ అనాలి. లోపల ఏమనుకుంటానన్నది మాత్రం నా సొంత వ్యవహారం.

మాది ఆసుపత్రుల బట్టలు ఉతికే లాండ్రీ. తెల్లారేసరికి వ్యాన్లలో మూటలు దిగుతాయి. దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు. కింది హాల్లో ఉతికి పిండుతారు, పై హాల్లో మేము ఇస్త్రీ చేస్తాం. ఇస్త్రీ అంటే పెట్టె పట్టుకుని రుద్దడం కాదు. గోడంత మెషిన్, అందులో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తిరిగే వేడి రోలర్లు. తడి దుప్పటిని ఇద్దరం చెరో కొసా పట్టుకుని ఇటునుంచి అందిస్తే, అటువైపు పెళపెళలాడుతూ బయటికొస్తుంది. అక్కడ మరో ఇద్దరు మడతలు పెడతారు. ఎనిమిదేళ్ళుగా ఆ మెషిన్ బటన్లు నా చేతికింద ఉన్నాయి. ఎనిమిదేళ్ళుగా నా పక్కన రెండో కొస పట్టుకున్నది పిచ్చుక.

పిచ్చుక అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎవరి నోటా వినపడదు. మనిషి పిడికెడు, నోరు గంపెడు. పొద్దున్న వచ్చిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా వాగుతూనే ఉంటుంది. రోలర్ల మోతలో సగం వినపడదు, వినపడిన సగానికే మాకు నవ్వలేక చచ్చేంత పనవుతుంది. నన్ను వదినా అంటుంది. మా మధ్య చుట్టరికమేమీ లేదు. చుట్టరికం ఉన్నవాళ్ళ సంగతి నాకు బాగా తెలుసు కనుక, లేకపోవడమే మంచిదైంది.

రోలర్ల ముందు అడ్డంగా ఒక ఎర్ర కడ్డీ ఉంటుంది. చెయ్యి పొరపాటున దుప్పటితో పాటు లోపలికి పోతుంటే ముందు ఆ కడ్డీకి తగులుతుంది. తగిలితే రోలర్లు టక్కున ఆగిపోవాలి. మా చేతులకీ ఆ వేడి ఇనుముకీ మధ్య ఉన్నది అదొక్కటే. అందుకని మెషిన్ నడిపే ముందు రోలర్లని ఒట్టిగా ఓసారి తిప్పి, కడ్డీని అరచేత్తో నెట్టి, ఆగుతోందో లేదో చూసుకోవాలి. నాలుగు క్షణాల పని. ఈ ఎనిమిదేళ్ళలో జ్వరంతో వచ్చిన రోజుంది, ఇంట్లో పోట్లాడి కళ్ళు తుడుచుకుంటూ వచ్చిన రోజుంది. పొద్దున్నే కడ్డీ నెట్టకుండా పనిలో దిగిన రోజు మాత్రం ఒక్కటీ లేదు. నేను నెట్టగానే పిచ్చుక "ఆగింది, బతికాం" అనేది. రోజూ మాకదే మొదటి మాట.

నెలాఖరున ఒక ఫారం వస్తుంది. ఇంగ్లీషులో అచ్చు, మనిషికొకటి. టోపీ పెట్టుకుంటుందా, వేళకు వస్తుందా, మెషిన్ నడిపే ముందు కడ్డీ పరీక్షిస్తుందా, ఇలా ఒక పేజీ నిండా ప్రశ్నలు. ప్రతి ప్రశ్న ఎదురుగా నాలుగు గళ్ళు: ఆల్వేస్, యూజువల్లీ, సమ్‌టైమ్స్, నెవర్. సూపర్‌వైజరు టిక్కు పెట్టాలి, కింద మేము సంతకం పెట్టాలి. మా బావ నలభై మంది ఫారాలూ ఒక కప్పు టీ చల్లారేలోపు పూర్తి చేసేవాడు. ఎలాగంటే, అందరికీ, అన్ని ప్రశ్నలకీ, రెండో గడి. పైనుంచి కిందికి పెన్ను ఎత్తకుండా టిక్కులు పెట్టుకుంటూ పోవడమే. గడియారం చూసుకుని వచ్చే పిచ్చుకకీ యూజువల్లీయే, వారానికి మూడురోజులు తీరిగ్గా దిగే మహాతల్లికీ యూజువల్లీయే.

నాకా మాటలు తెలియక కాదు. బడిలో మా ఇంగ్లీషు పంతులమ్మ ఈ నాలుగింటినీ బెత్తం పట్టుకుని మరీ నేర్పింది. సూర్యుడు ఆల్వేస్ తూర్పునే ఉదయిస్తాడు. మన బస్సు యూజువల్లీ ఎనిమిదింటికి వస్తుంది. "అంటే రాని రోజు కూడా ఉంటుందన్నమాట. ఆ రోజు నడిచి రండి, నా దగ్గర సాకులు చెప్పకండి" అనేది. కాబట్టి మొదటి నెల నా ఫారంలో కడ్డీ ప్రశ్న ఎదురుగా రెండో గడిలో టిక్కు చూడగానే నాకు ఒళ్ళు మండింది.

"సార్, ఇదేంటి? నేను కడ్డీ చూడని రోజు ఎప్పుడుంది?"

"ఉందని నేనన్నానా?"

"యూజువల్లీ అంటే అదే కదండీ. మామూలుగా చూస్తుంది, ఒక్కోరోజు ఎగ్గొడుతుంది అని."

బావ అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, సార్ వేషం తీసేశాడు.

"చూడు మరదలా, ఆల్వేస్ అని పెట్టాననుకో, రుజువేదీ అంటారు పైవాళ్ళు. రోజువారీ షీటు రాయమంటారు, దానికి మళ్ళీ నా సంతకాలు. సమ్‌టైమ్స్ అని పెడితే మెమో ఎందుకివ్వలేదంటారు. నెవర్ అంటే ఇక విచారణే. యూజువల్లీ అంటే ఎవడూ ఏమీ అడగడు. ఆ గడి కనిపెట్టినవాడికి దండం పెట్టాలి. ఊరికే లా పాయింట్లు తీయకు, సంతకం పెట్టు."

పెట్టాను. ఆయన చెబితేనే కదా నాకు ఈ ఉద్యోగం వచ్చింది అని ఒక పక్క. ఈ పాటి దానికి రాద్ధాంతం చేస్తే సాయంత్రానికి అక్క దగ్గర పంచాయితీ అవుతుందని ఇంకో పక్క. మొహమాటం అంత చెడ్డది ఇంకోటి లేదు. ఎనిమిదేళ్ళు, నెలకొకటి చొప్పున, ఒక్క రోజూ మానని పనిని అప్పుడప్పుడు మానేస్తానని నా చేత్తో నేనే ఒప్పుకుంటూ వచ్చాను.

ఇక ఆ రోజు సంగతి. పొద్దున్న కడ్డీ నెట్టాను, ఆగింది, బతికాం అంది పిచ్చుక. ఆ రోజు వచ్చిన దుప్పట్లు దళసరివి, మడతలు విప్పినా ఉండలు ఉండలుగా ఉన్నాయి. అవి తగిలి కడ్డీ మాటిమాటికీ నొక్కుకుపోతోంది, మెషిన్ ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా బావ గాజు గదిలోంచి బయటికొచ్చి చేతి వాచీ చూపించి అరుస్తున్నాడు. నాలుగింటికి వ్యాను వెళ్ళాలి, మూటలు నడుమెత్తున ఉన్నాయి. మధ్యాహ్నం మెషిన్ ఆపి భోజనాలకి వెళ్ళాం. తిని వచ్చి మళ్ళీ మొదలుపెట్టాం. ఆశ్చర్యంగా అప్పట్నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు. "పొద్దున్న దీనికీ ఆకలేసినట్టుంది వదినా" అంది పిచ్చుక.

మూడు కావస్తుండగా ఒక దుప్పటి అంచు చిరిగి ఉంది. ఆ చిరుగులో పిచ్చుక వేళ్ళు ఇరుక్కున్నాయి. ఆమె ఏదో చెబుతూ నా వైపు చూస్తోంది. కడ్డీ వంగడం నేను చూశాను. రోలర్లు ఆగలేదు. నేను ఎర్ర బటన్ గుద్దేసరికి చెయ్యి మణికట్టు దాకా లోపల ఉంది. ఆ తర్వాత విన్న కేక గురించి రాయను. కుడిచేతికి బొటనవేలు మిగిలింది.

నాలుగో రోజు నాకు నోటీసు ఇచ్చారు. కడ్డీ స్విచ్ ఇప్పుడు చక్కగా పనిచేస్తోందట. ఆ రోజు దుమ్ము పట్టి బిగుసుకుని ఉంటుందట. ఆపరేటర్ పరీక్షించి ఉంటే తెలిసేదట. ఆపరేటర్ పరీక్ష మామూలుగా చేస్తుందే గాని ప్రతిసారీ చేయదని రికార్డు చెబుతోందట. కింద నా సంతకాలే సాక్ష్యం. నోటీసు అందించినప్పుడు బావ నా మొహంలోకి చూడలేదు. "నీ నిజం నువ్వు చెప్పుకో, నా నిజం నేను చెప్పుకుంటా" అన్నాడు.

ఉద్యోగం పోతే పోనీ. ఇంకో చోట ఇంకో మెషిన్. కానీ ఈ మాట పిచ్చుక చెవిన పడుతుంది కదా! వదిన బద్ధకిస్తే నా చెయ్యి పోయింది అని ఆమె ఒక్క రోజు అనుకున్నా నేను తట్టుకోలేను. నాకు కావలసింది ఒక్కటే. ఆ రికార్డులో యూజువల్లీ కొట్టేసి ఆల్వేస్ అని రాయాలి, అది పట్టుకెళ్ళి పిచ్చుకకి చూపించాలి. రోజూ ఆసుపత్రికి వెళ్ళి ఆమె మంచం పక్కన కూచుని అదే చెప్పేదాన్ని. బావని నా నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. ఆమె కళ్ళు మూసుకుని వినేది. అంత మాటల పోగు ఒక్క మాటా అనకపోతే మందుల మత్తనుకున్నాను.

అటువైపు మడతలు పెట్టే పెద్దావిడ ఒకరోజు మెట్ల దగ్గర నన్ను ఆపింది. ఆ రోజు భోజనాల వేళ కరెంటు మిస్త్రీ మా మెషిన్ దగ్గర గొంతుక్కూచుని ఉండగా తాను చూశానని చెప్పింది. వెళ్ళి మిస్త్రీని నిలదీశాను. నీళ్ళు నమిలాడు. "నన్ను ఇందులోకి లాగకమ్మా, పిల్లలుగలవాణ్ణి" అన్నాడు. సగం జవాబు దొరికినట్టే అనుకున్నాను.

విచారణకి ముందురోజు అక్క వచ్చింది. చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోంచే మొదలుపెట్టింది.

"ఏమే, మీ బావ మీద కత్తి కట్టావంట?"

"ఆయనే నా మీద కట్టాడే. నోటీసు నాకొచ్చింది, ఆయనకి కాదు."

"నీకేం పోయిందే? మహా అయితే మందలిస్తారు, వేరే పనిలో వేస్తారు. ఆయన ఉద్యోగం ఊడితే మా గతేంటి? రేపు నోరు మూసుకుని, గుర్తులేదండీ అను. చాలు."

"ఏం గుర్తులేదనమంటావ్?"

"ఆ రోజు చూశానో లేదో గుర్తులేదను. దానికేం, మనుషులకి ప్రతిదీ గుర్తుంటుందా?"

"చూశాను కాబట్టి గుర్తుంది. వెళ్ళు, ఇక్కడ టీ కూడా లేదు."

తోడబుట్టినదాన్ని గుమ్మంలోంచి అలా పంపించడం ఇదే మొదటిసారి. వెళుతూ వెళుతూ నా కళ్ళు నెత్తికెక్కాయంది. ఎక్కితే ఎక్కాయి అన్నాను.

విచారణ మేడమీద ఆఫీసు గదిలో. పెద్ద ఆఫీసు నుంచి వచ్చినాయన బక్కగా, గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి. అలాంటివాళ్ళంటే నాకు భయం. బల్లకి ఆ చివర బావ, నిమ్మకు నీరెత్తినట్టు కూచున్నాడు. గోడవారగా మిస్త్రీ. విచారణ చేసే ఆయన ముందు నా ఫారాలన్నీ దొంతరగా ఉన్నాయి.

"ఇవన్నీ మీ సంతకాలేనా?"

"నావేనండీ."

"యూజువల్లీ అంటే నా ఉద్దేశంలో పదిసార్లలో ఎనిమిదో తొమ్మిదో. మీరు మంచి పనివారే, కాదనను. కానీ పదోసారి ఉందిగా? ఆ పదోసారి ఆ రోజే ఎందుకు కాకూడదు?"

"పదోసారి లేదండీ. అందరివీ రెండో గడే. కావాలంటే అందరి ఫారాలూ తెప్పించి చూడండి. ఆ రోజు భోజనాల వేళ మిస్త్రీ మా మెషిన్ దగ్గర ఏం చేశాడో కూడా అడగండి."

బావ గొంతు సవరించుకున్నాడు. "అందరివీ ఎందుకు సార్, టైము వేస్టు..." ఆ టైము వేస్టు అన్న మాటకే అనుకుంటాను, విచారణ చేసే ఆయన బంట్రోతుని పంపించి బీరువా తీయించాడు. కట్టలు కట్టలుగా వచ్చాయి. ఒకటి తీశాడు, పక్కన పెట్టాడు. ఇంకోటి తీశాడు. కాసేపటికి కాగితాలు తిప్పడం నెమ్మదించింది.

"కింది హాల్లో పనిచేసే ఈవిడ ఈ ఐదు నెలలూ ప్రసూతి సెలవులో ఉన్నట్టు హాజరు పట్టీలో ఉంది" అన్నాడు. "మీరేమో వేళకు వస్తుందా అంటే యూజువల్లీ అని పెట్టారు. టోపీ పెట్టుకుంటుందా, యూజువల్లీ. ఇంట్లో పురిటి మంచం మీద టోపీ పెట్టుకుందాండీ?"

మిస్త్రీ ఫక్కున నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నాడు. నాకైతే లేచి ఈల వేయాలనిపించింది. బావ కుర్చీలో ముందుకి జరిగాడు.

"అది... పని ఒత్తిడిలో సార్..."

"సరే. ఇంకొకటి చెప్పండి. మెషిన్ పదేపదే ఆగుతోందని, కడ్డీ స్విచ్ పనిచేయకుండా కట్టేయమని మీరెప్పుడైనా చెప్పారా?"

"మామూలుగా అలా చెప్పను సార్."

ఆ మాట ఆయన నోట్లోంచి అలవాటు కొద్దీ జారిపడింది. ఇరవై ఏళ్ళుగా అదే గడిలో బతుకుతున్న మనిషి, ఇంకే మాట వస్తుంది! విచారణ చేసే ఆయన పెన్ను కింద పెట్టాడు.

"మామూలుగా చెప్పరు. అంటే చెప్పిన రోజు ఉంది."

"అబ్బే, నా ఉద్దేశం అది కాదు సార్, మాటవరసకి..."

"ఏ రోజు?"

బావ గుటకలు మింగాడు. గోడవారనుంచి మిస్త్రీ లేచి నిలబడ్డాడు. "మూడుసార్లు కట్టించారు సార్. ఆ రోజు భోజనాల వేళ ఒకటి. స్విచ్‌కి వైరు చుట్టేయమన్నారు. చెయ్యి పోయాక, అందరూ ఆ అమ్మాయిని కిందికి దించుతుంటే, తీసేయమన్నారు. నేను తీసేశాను. నాకు నిద్ర పట్టటం లేదు సార్."

నేను బావ వైపు చూసి నా జన్మలో ఎవరినీ తిట్టనంత తిట్టాను. విచారణ చేసే ఆయన ఆపలేదు. తిట్టడం అయ్యాక గ్లాసుడు నీళ్ళు నా వైపు జరిపి, గుమాస్తాకి చెప్పి రాయించాడు: ఆపరేటర్ మెషిన్ నడిపే ముందు కడ్డీని ఆల్వేస్, అంటే ఒక్కసారి కూడా తప్పకుండా, పరీక్షిస్తుంది; ఫారాల్లోని టిక్కులు లెక్కలోకి రావు. సాఫు ప్రతి రేపు పొద్దున్నకి సిద్ధమవుతుందని, వచ్చి సంతకం పెట్టాలని అన్నాడు. ఆ సంతకం పెడితే నా మీద నోటీసు ఎత్తేస్తారు.

ఆఫీసు మెట్లు రెండేసి చొప్పున దిగాను. బస్సు కోసం ఆగకుండా నడుచుకుంటూనే పిచ్చుక ఇంటికి వెళ్ళాను. ఆసుపత్రి నుంచి పంపించి రెండు రోజులైంది. కిటికీ పక్కన కుర్చీలో కూచుని ఎడంచేత్తో తల దువ్వుకోవడానికి అవస్థ పడుతోంది. దువ్వెన లాక్కుని నేనే దువ్వుతూ మొత్తం చెప్పుకొచ్చాను. బావ గుటకలు, మిస్త్రీ దగ్గు, పురిటి మంచం మీద టోపీ, అన్నీ గొంతులు మార్చి మార్చి చెప్పాను. పిచ్చుక నవ్వలేదు.

"ఇప్పుడు రికార్డులో ఏమని రాశారో తెలుసా? మెషిన్ నడిపే ముందు ఆల్వేస్ పరీక్షిస్తుంది అని. ఒక్కసారి కూడా తప్పకుండా."

"మధ్యాహ్నం?" అంది పిచ్చుక.

"మధ్యాహ్నం ఏంటి?"

"మధ్యాహ్నం కూడా మెషిన్ ఆపి మళ్ళీ నడుపుతాం కదా వదినా."

దువ్వెన నా చేతిలో ఆగిపోయింది.

"తీరిగ్గా ఉన్న రోజు మధ్యాహ్నం కూడా నెట్టేదానివి. వ్యాను తొందరున్న రోజు నెట్టేదానివి కాదు. పక్కనే నిలబడి ఉండేదాన్ని, నాకు తెలీదా? ఆ రోజు నెట్టలేదు. పచ్చ బటన్ నొక్కేసి, రా రా అన్నావ్. నెట్టి ఉంటే మెషిన్ ఆగేది కాదు. కడ్డీ పనిచేయడం లేదని అప్పుడే తెలిసిపోయేది."

"పొద్దున్న ఆగింది కదా అని..."

"పొద్దున్న ఆగింది. నేనూ అన్నాను, బతికాం అని. మధ్యాహ్నం నేనూ అడగలేదులే. నా వాగుడులో నేనున్నాను."

ఎనిమిదేళ్ళలో మధ్యాహ్నాన్ని నేనెప్పుడూ మొదలుపెట్టడం కింద లెక్కవేయలేదు. అది ఆపిన పనిని మళ్ళీ అందుకోవడమే అనుకున్నాను. ఈ మాట నిజం. ఈ మూడు వారాల్లో ఒక్కసారైనా అది నా మనసులోకి వచ్చిందా అంటే, వచ్చే ముందే బావని తిట్టడం మొదలుపెట్టేదాన్నేమో. ఇప్పటికీ నాకు తెలియదు.

"ఎప్పట్నుంచి అనుకుంటున్నావ్ ఇది?" అన్నాను.

"ఆసుపత్రిలో కళ్ళు తెరిచినప్పట్నుంచి. నువ్వు రోజూ వచ్చి కూచునేదానివి. రోజూ మీ బావని తిట్టేదానివి. ఇవాళ చెబుతుంది, రేపు చెబుతుంది అనుకున్నాను." దువ్వెన తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "నేను ఎవరికీ చెప్పను. వైరు చుట్టించింది ఆయనే, నువ్వు కాదు. వెళ్ళి సంతకం పెట్టుకో. కానీ ఆ కాగితం నాకు చదివి వినిపించకు. కొన్నాళ్ళు రాకు కూడా."

బయటికొచ్చాను. మొదట ఆమె మీదే కోపం వచ్చింది. మూడు వారాలు లోపల పెట్టుకుని నన్ను వాగనిచ్చింది కదా అని. ఆ కోపం వీధి మలుపు దాకా కూడా నిలవలేదు. ఇక మిగిలింది రేపటి సంతకం. పెట్టకుండా నిజం చెబితే నోటీసు నా మీదే ఉంటుంది. అది సరే, నా పొరపాటు పట్టుకుని బావ సగం నేరం దులిపేసుకుంటాడు. అక్క ఊపిరి పీల్చుకుంటుంది. ఆ ఆలోచన నన్ను నమిలి పిప్పి చేసింది. వాళ్ళకి మేలు జరిగే మాట నా నోటితో నేనెందుకు చెప్పాలి? నేను చెప్పకపోతే పిచ్చుక ఎవరికీ చెప్పదు. చెప్పదు సరే, తెలిసే ఉంటుంది కదా!

పొద్దున్న ఆఫీసు గదిలోకి వెళ్ళేసరికి సాఫు ప్రతి బల్ల మీద ఉంది. బావ కూడా తన వాంగ్మూలం మీద సంతకానికి వచ్చి నిలబడి ఉన్నాడు, గడ్డం గీసుకోలేదు. విచారణ చేసే ఆయన పెన్ను మూత తీసి నా వైపు పెట్టాడు.

"ఇందులో ఒక మాట మార్చాలండీ" అన్నాను. "పొద్దున్న ఎప్పుడూ తప్పలేదు. భోజనాల తర్వాత మళ్ళీ నడిపేటప్పుడు మాత్రం ప్రతిసారీ చూడను. ఎక్కువ రోజులు చూస్తాను. తొందరలో ఉంటే చూడను."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. విసుగు దాచుకోలేదు. "నిన్న ఈ గదిలో అంత రభస చేసి, ఇవాళ చెబుతారా ఇది?"

"నిన్న ఇక్కణ్ణుంచి వెళ్ళాకే తెలిసిందండీ."

"ఎనిమిదేళ్ళలో ఎన్నిసార్లు చూశారు, ఎన్నిసార్లు చూడలేదు అన్నది నాకక్కర్లేదు. ఆ రోజు భోజనాల తర్వాత చూశారా?"

"లేదండీ."

ఆయన పెన్ను తీసుకుని ఆల్వేస్ అన్న మాటని అడ్డంగా కొట్టేశాడు. పైన యూజువల్లీ అని రాయలేదు. ఏమీ రాయలేదు. పక్కన మార్జిన్‌లో తేదీ వేసి, ఆ రోజు పరీక్షించలేదని ఒక్క ముక్క రాసి, కాగితం నా వైపు తిప్పాడు.

బావ నా వైపు చూసి, ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి ఇంట్లో మనిషిని చూసినట్టు కొద్దిగా నవ్వాడు. "పోన్లే మరదలా" అన్నాడు. ఆ నవ్వుకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నా వైపు చూడకండి" అని, సంతకం పెట్టాను.